మూడో ఆడగొంతు

జనవరి 11

చెల్లీ,

నిన్ను పిట్టా అని పిలవకూడదట, కిందటిసారి మీ ఆయన చెప్పాడు. సభల్లో పాడే మనిషిని అలా పిలిస్తే బాగుండదట. సరే, ఆయన మర్యాద కోసం పైన చెల్లీ అని రాశాను. ఇక్కణ్ణుంచి పిట్టవే.

ఫోన్ చేయకుండా కాగితం మీద ఏమిటీ రాతలు అంటావేమో. చేసి ఏం లాభం? అటు నువ్వు హలో హలో అంటుంటావు, ఇటు నేను ఊదుతుంటాను. ఆపరేషన్ తర్వాత నా గొంతులో మిగిలింది ఉత్త గాలి. ఎదురుగా ఉండి పెదాలు చూస్తే తప్ప మాట తెలియదు. ఫోనులో వేళ్ళతో కొట్టి పంపే ముక్కలు నాకు చాలవు. మొదలుపెట్టానంటే పేజీ నిండాల్సిందే. మీ బావ మాత్రం ఏడాదిగా ఇల్లు ప్రశాంతంగా ఉందని కనపడ్డవాళ్ళందరికీ చెబుతున్నారు.

అసలు సంగతికి వస్తాను. మా ఆస్పత్రి కొత్త భవనం మార్చిలో తెరుస్తున్నారు. ఆ రోజు ప్రతి విభాగం వాళ్ళూ ఏదో ఒకటి చేయాలన్నారు. నర్సులు నాటిక వేస్తారు, మందుల గదివాళ్ళు ఏదో హాస్యం అంటున్నారు. మా బట్టలుతికే విభాగాన్ని ఎవరూ అడగలేదు. నేలకింద గదిలో ఉంటాం కదా, దుప్పటి మాసినప్పుడే పైవాళ్ళకి మేం గుర్తొస్తాం. అడక్కపోయినా నేనే వెళ్ళి, మేం పాట పెడతామని చెప్పొచ్చాను.

పాట రాశాను. నాలుగు చరణాలు. ఇందులో పెట్టాను చూడు, సంగీతం మేష్టారు నేర్పిన అయిదు గీతల పద్ధతిలోనే, స్వరం గీతల మీద, మాట కింద. ఆయన మనిద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి నేర్పారు. గొంతు నీకొచ్చింది, రాత నాకొచ్చింది. నువ్వు పాడినవాటిలో సగానికి పైగా నావే. నా పేరు వద్దన్నది నేనే, నాకిష్టమయ్యే వద్దన్నాను, దానికి నిన్నేమీ అనను. ఈ ఒక్క పాటకి మాత్రం వేదిక మీద నా పేరు చెప్పాలి. నా షరతు అదొక్కటే.

నువ్వు పాడతావంటే పైవాళ్ళకి అభ్యంతరం లేదట. "ఆవిడ మీ చెల్లెలా? ఇన్నేళ్ళూ చెప్పలేదేమండీ" అని మేనేజరు కుర్చీ చూపించాడు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. కుర్చీ బాగుంది.

నాలుగో చరణం గురించి ముందే చెబుతాను. మా ఇస్త్రీ వదిన నీకు తెలుసు కదా, నా ఆపరేషన్ అప్పుడు నీతో పాటు వరండాలో కూర్చున్నావిడ. కిందటేడు దుప్పట్లు ఇస్త్రీ చేసే వేడి రోలరులో ఆవిడ చెయ్యి మోచేతి దాకా కాలింది. రోలరు ముందు చెయ్యి పోకుండా ఒక అడ్డు కమ్మి ఉండాలి. అది ఊడిపోయి నెలలయింది. బిగించండి మహాప్రభో అని మేం అడిగి అడిగి విసిగిపోయాం. ఆఖరికి పైవాళ్ళు రిపోర్టులో రాసిన కారణం, కార్మికురాలి అజాగ్రత్త. ఆ మాట చదివి వినిపించినప్పుడు వదిన ఏడవలేదు. తల వంచుకుంది. అది చూసి నా ఒళ్ళు మండిపోయింది. గొంతుంటే అక్కడే అరిచేదాన్ని. లేదు కాబట్టి రాశాను.

తెల్లని దుప్పటి కప్పుకున్నోళ్ళూ
ఉతికిన చేతులు ఒకసారి చూడండి
కాలిన చేతికి కారణమడిగితే
అజాగ్రత్తని రాశారు మీరు

ఇదే నాలుగోది. పాడతావు కదూ.

నీ అక్క


జనవరి 23

అక్కా,

నీ ఉత్తరం అందింది. పిట్ట అనే పిలువు, ఆయన మాటలకేం. నువ్వు కూడా అనకపోతే నన్నలా పిలిచేవాళ్ళు ఎవరున్నారు.

ఇక్కడ మా పైవాటా వాళ్ళు ఇల్లు బాగుచేయించుకుంటున్నారు. తెల్లవారితే గోడలు తొలిచే చప్పుడు. సాధనంతా స్నానాలగదిలో చేసుకుంటున్నాను, తలుపేసుకుని, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని. నీ పాట అక్కడే పాడి చూశాను. ఎంత బాగుందే అక్కా. ముఖ్యంగా మూడో చరణం, సబ్బు నురగలో చందమామ. అది పాడుతుంటే పైవాళ్ళ చప్పుడు కూడా వినపడలేదు.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నాలుగోది వదిలేద్దాం. బదులుగా మూడోదే రెండుసార్లు పాడతాను, రెండోసారి కొంచెం మార్చి పాడితే జనానికి అనుమానం కూడా రాదు.

నీకు తెలియనిదేముంది. మా ఊళ్ళో నేను పాడే సభ నడిపేది మీ ఆస్పత్రి చైర్మన్ గారే. నెలకోసారి నాకు వేదిక ఇచ్చేది ఆయనే. ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టి, ఆయన మొహం మీదే 'రాశారు మీరు' అని ఎలా పాడను? మీ మరిది కూడా అన్నారు, కూర్చున్న కొమ్మ నరుక్కోవద్దని నీకు కాస్త నచ్చజెప్పమని. ఇస్త్రీ వదినంటే నాకు మాత్రం గౌరవం లేదా? ఆవిడ గురించి చెప్పాలంటే వేరే దారులుంటాయి. పాటలోనే ఎందుకు?

నీ పేరు తప్పకుండా చెబుతాను. దండ కూడా వేయిస్తాను. నా మాట విను అక్కా. నువ్వా ఇప్పుడు పాడలేవు, మీవాళ్ళకా గీతలు చదవడం రాదు. నేను కాకపోతే ఎవరు పాడతారు చెప్పు?

గొంతుకి చలిగాలి తగలనీయకు. మఫ్లరు పంపుతున్నాను.

నీ పిట్ట


ఫిబ్రవరి 3

పిట్టా,

మఫ్లరు అందింది. వెచ్చగా ఉంది. రంగు మాత్రం మీ ఆయన ఎంచినట్టుంది.

ఎవరు పాడతారు చెప్పు అని అడిగావు. చెబుతాను, కూర్చుని చదువు.

మా ఎక్స్‌రే గది ఆవిడకి కంప్యూటరంటే పిచ్చి. భోజనాల దగ్గర నేను నీ ఉత్తరం చదువుకుంటూ పళ్ళు నూరుతుంటే, ఏమిటి సంగతని అడిగింది. చెప్పాను. రెండు రోజుల తర్వాత తన పాత కంప్యూటరు సంచిలో వేసుకుని మా ఇంటికే వచ్చేసింది. రాసిన స్వరాలు చూసి పాడే సాఫ్ట్‌వేర్ ఒకటుందట. అలాంటివి ఖరీదైనవి చాలా ఉన్నాయిగానీ ఇది చవక. నిజంగానే చవక, ఒక జత మంచి చెప్పుల కన్నా తక్కువ. అయిదు గీతలూ తెర మీదే ఉంటాయి. స్వరం ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టడం, కింద మాటని అక్షరం అక్షరంగా విడదీసి కొట్టడం, మీట నొక్కడం. అంతే, పాడేస్తుంది. గొంతులు వరసగా ఉంటాయి, కావలసింది ఎంచుకోవచ్చు. మొదటి ఆడగొంతు చంటిపిల్లలా ఉంది. రెండోది జలుబు చేసినట్టుంది. మూడోది బాగుంది, మన వయసు మనిషి.

ళ పలకదు, ల అంటుంది. మా మేనేజరుకీ అదే జబ్బు కాబట్టి నాకు అలవాటే. పాడటంలో సొగసేమీ లేదు, బస్టాండులో బస్సు నంబరు చదివినట్టే ఉంటుంది. కానీ పిట్టా, ఆ మీట నొక్కగానే నాకు ఏడుపొచ్చింది. నేను రాసింది రాసినట్టు చెవిన పడి ఏడాది దాటింది. లోపల ఉన్నది బయటికి తీయలేక ఎంత కుళ్ళిపోయానో ఎవరికీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఎక్స్‌రే ఆవిడ కంగారుపడి ఆపేయబోయింది. చెయ్యి పట్టుకుని ఆపనివ్వలేదు.

నాలుగో చరణం కూడా పాడింది. చైర్మన్ ఎవరని అడగలేదు. మూడోదే రెండుసార్లు పాడతాననలేదు.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం తిండి కాగానే బట్టలు మడిచే బల్ల మీద స్పీకరు పెడతాను. అది ఒక లైను పాడుతుంది, మావాళ్ళు అందుకుంటారు. మావాళ్ళకి గీతలు రావన్నావుగా, చెవులొచ్చు. నాకు గొంతు లేదన్నావుగా, ఇదిగో కొనుక్కున్నాను. నువ్వు చల్లగా ఉండి మీ చైర్మన్ గారికి నురగలో చందమామని చూపించుకో. నా పాటలోంచి ఒక్క అక్షరం తీయను, తీయనివ్వను.

దానికి ఆపే మీట ఉందని మీ బావ తెగ సంతోషపడుతున్నారు.

నీ అక్క


ఫిబ్రవరి 14

అక్కా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

మీ ఆస్పత్రి వార్డుల్లోవాళ్ళ ఫోన్లలో మీ పాట తిరుగుతోందట. తిరిగి తిరిగి చైర్మన్ గారి సెక్రటరీ దాకా వెళ్ళింది. ఆయన మీ మరిదికి పంపి, "మేడమ్ గారు ఇలాంటిది పాడారేమిటండీ" అని అడిగాడు. మీ మరిది కాదన్నారు, నేనూ కాదన్నాను. తర్వాత ఒక్కదాన్నే కూర్చుని విన్నాను.

అది నేనే అక్కా. గొంతు ఎవరిదో రేకు గొంతు, ఒప్పుకుంటాను. కానీ పాడింది నేనే. రెండో చరణంలో పొడుగు స్వరం అయ్యాక, మాట పూర్తికాకుండానే సన్నగా ఒక తెంపు. మళ్ళీ నాలుగో చరణంలో, ఉతికిన చే, అక్కడ ఆగి, తర్వాత తులు. నా ఊపిరి నాకు తెలియదా? పత్రికలవాళ్ళు దాన్ని నా శైలి అని రాశారు. అది శైలి కాదని, చిన్నప్పటి ఆయాసమని నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ప్రపంచంలో ఇంకెవరూ అలా ఆగరు.

నా పాత టేపులు దానికి తినిపించావు కదూ? మీ మరిది చెప్పారు, ఇప్పుడు మనిషి పాడిన టేపులు పెడితే ఆ మనిషిలాగే పాడే యంత్రాలు వచ్చాయట. నన్ను అడిగితే కాదన్నానని, అడగకుండా తీసుకున్నావు. నేను పాడనన్న చరణాన్ని నాచేతే పాడించావు. పరాయివాళ్ళు చేసి ఉంటే లాయరు దగ్గరికి వెళ్ళేదాన్ని. మీ మరిది వెళ్దామనే అంటున్నారు. నేనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే తెలియడం లేదు.

ఇక్కడ ఈ నెల సభ వాయిదా వేశారు. కారణం చెప్పలేదు.

నీ చెల్లెలు


ఫిబ్రవరి 20

చెల్లెలు గారికి,

నన్ను దొంగని చేశావు. బాగుంది. ఈ ఇంట్లో నీ టేపు ఒక్కటైనా ఉందా? అమ్మ పోయాక బీరువా సర్దినప్పుడు అన్నీ నువ్వే మూటగట్టుకుని పోయావు, నేను పాడినవి కూడా. అది మూడో ఆడగొంతు. పెట్టెలోంచి అలాగే వచ్చింది, కొన్నవాళ్ళందరికీ అదే వస్తుంది. నీ గొంతు దానికన్నా ముక్కుతో పాడుతుంది. లాయరు దగ్గరికి వెళ్ళమను మరిదిని, వచ్చేప్పుడు కూరలు కూడా తెమ్మను.

ఇంతవరకూ నిన్న రాసి, కాగితం మడిచి పెట్టేశాను. ఇవాళ మళ్ళీ విప్పాను.

మధ్యాహ్నం పాట నేర్చుకుంటుంటే ఇస్త్రీ వదిన అడిగింది. "ఏమ్మా, చేతులు అనే మాటని మధ్యలో విరగ్గొడుతుందేం ఇది? యంత్రానికి ఆయాసమేమిటి?" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, గీతల దగ్గరికి వెళ్ళి చూశాను.

ఉన్నాయి పిట్టా. నువ్వు చెప్పిన ప్రతిచోటా చిన్న విరామం గుర్తు ఉంది. నేనే పెట్టాను. జనవరిలో కాగితం మీద రాసినప్పుడే పెట్టాను, చూసి రాసేటప్పుడు కంప్యూటర్లోకీ ఎక్కించాను. పెడుతున్నట్టు నాకు తెలియను కూడా తెలియదు. నీకు ఆయాసం వచ్చే చోట నీకంటే ముందు నా చెయ్యి ఆగుతుంది. నీకు పన్నెండేళ్ళప్పటి నుంచీ అలాగే రాస్తున్నాను. ఊపిరితిత్తులే లేని యంత్రానికి పాట రాస్తూ దానికి నీ ఆయాసం తగిలించాను. నా చేతికి ఇంకో గొంతు తెలియదే.

నీ కాగితం తీసి చూసుకో, నాది అబద్ధమేమో. అక్కడా అవే గుర్తులు.

సరే, తెలిశాక ఊరుకోలేదు. ఈ సాయంత్రం కూర్చుని ఆ గుర్తులన్నీ తుడిచేశాను. తడిసిన దుప్పట్లు ఎత్తే ఆడవాళ్ళు మావాళ్ళు, వాళ్ళ ఊపిరి వేరు. ఎక్కడ ఆగాలో వాళ్ళే చూసుకుంటారు. కొత్తది ఎక్స్‌రే ఆవిడ నీ ఫోనుకి పంపుతుంది. విను. ఇందులో నువ్వెక్కడా లేవు. సెక్రటరీకి కూడా పంపుకో, నీ సభ నీకు తిరిగొస్తుంది.

నీ అక్క


మార్చి 2

అక్కా,

విన్నాను.

నా కాగితం కూడా తీసి చూశాను. గుర్తులున్నాయి. నిన్ను దొంగ అన్నందుకు చెంపలేసుకుంటున్నాను. కానీ ఆ తర్వాత నువ్వు చేసినది నాకు అంతకంటే ఎక్కువ తగిలింది.

కొత్తది పెట్టుకుని దాంతో పాటు పాడబోయాను, వంటగదిలో నిలబడి. రెండో చరణం సగంలోనే ఊపిరి అయిపోయింది. అది ఆగకుండా వెళ్ళిపోయింది, నేను పొయ్యి పక్కన నోరు తెరుచుకుని ఉండిపోయాను. నువ్వు రాసిన పాట నేను పాడలేకపోవడం ఇదే మొదటిసారి. "ఇందులో నువ్వెక్కడా లేవు" అని ఎంత తేలిగ్గా రాసేశావు. నన్ను తుడిచేశావు అక్కా. ఒక్క సాయంత్రంలో.

ఇక నేనూ దాచను. ప్రారంభోత్సవానికి చైర్మన్ గారు నన్ను పిలిచారు. మీ విభాగం పాట జాబితాలోంచి కొట్టేశారట, నీకు చెప్పారో లేదో. నేను రెండు పాటలు పాడాలి. మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పాలి, ఫోన్లలో తిరుగుతున్న పాట నాది కాదు, అది యంత్రం చేసిన చప్పుడు, దానికీ నాకూ ఏ సంబంధమూ లేదు అని. ఆ మాట చెబితే సభ మళ్ళీ మొదలవుతుంది. సెక్రటరీ కాగితం మీద రాసి కూడా పంపాడు.

చెబుతాను. నా గొంతు కాదన్నది నిజమే కదా. నువ్వే రాశావు, నేనెక్కడా లేనని. నిజం చెప్పడానికి నాకు భయమెందుకు?

ఆ రోజు నువ్వు ముందు వరసలో కూర్చోకు. నిన్ను చూస్తూ చెప్పలేను.

నీ చెల్లెలు


మార్చి 7

పిట్టా,

కొట్టేసినట్టు నాకు చెప్పలేదు. మేనేజరుని అడిగితే "సమయం చాలదండీ" అన్నాడు. ఈసారి కుర్చీ చూపించలేదు.

నువ్వు చెప్పదలుచుకున్నది చెప్పు. నేను అడ్డం రాను, బతిమాలను. అది నీ గొంతు కాదు, నిజం. యంత్రం, అదీ నిజం. కానీ నిజం చెప్పేటప్పుడు సగం చెప్పి దిగిపోకు. ఆ చప్పుడు వెనక మాట ఎవరిదో, ఆ మాటలో ఉన్న చెయ్యి ఎవరిదో అదీ చెప్పు. చెప్పలేకపోతే అసలే చెప్పకు, పాడుకుని వెళ్ళిపో.

నిన్ను తుడిచేశానన్నావు. తుడిచింది గుర్తుల్ని. ఒకటి మాత్రం ఒప్పుకుంటాను, మొదటి గుర్తు తుడిచి మళ్ళీ పెట్టేశాను. అయినా తుడిచాను. ఈ పాట నీకోసం రాసింది కాదు పిట్టా. వదిన తల ఎత్తాలని రాసింది. ఇన్నాళ్ళూ నీ ఊపిరికి సరిపోయేలా రాశాను. ఇప్పుడు నీ భయానికి సరిపోయేలా కూడా రాయమంటే నా వల్ల కాదు.

ముందు వరసలో కూర్చోనులే. మేమెవరమూ హాల్లోకి రావడం లేదు. కొత్త భవనం వెనక, మా గది పక్కన బట్టల బళ్ళు తిప్పే వాకిలి ఉంది కదా, అక్కడ నిలబడి పాడతాం. భోజనం వేళ మాది, వాకిలి ఎవరి అబ్బ సొత్తూ కాదు. హాలు కిటికీలు అటే తెరుచుకుంటాయి. కొత్త భవనం కదా, రంగు వాసనకి మూయలేరు.

స్పీకరు తీసుకెళ్ళడం లేదు. మావాళ్ళకి పాట పూర్తిగా వచ్చేసింది. మూడో ఆడగొంతు ఇంట్లోనే ఉంటుంది, మీ బావకి తోడుగా.

నీ అక్క


మార్చి 18

అక్కా,

ఆ రోజు నీతో మాట్లాడకుండానే కారెక్కేశాను. మీ మరిది చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. నువ్వు నావైపు చూస్తూ ఏదో అన్నావు, పెదాలు కదిలాయి. దూరం వల్ల తెలియలేదు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ అదేమిటా అని ఆలోచిస్తున్నాను.

హాల్లో ఏం జరిగిందో నీకు ఎవరెవరో ఏమేమో చెప్పి ఉంటారు. నేను చెబుతాను.

మొదటి పాట పాడలేదు. కాగితం తీసి చదవడం మొదలుపెట్టాను. ఫోన్లలో తిరుగుతున్న పాట నాది కాదు అన్నాను. చైర్మన్ గారు తల ఊపారు. అది యంత్రం అన్నాను. మళ్ళీ ఊపారు. మూడో వాక్యం, దానికీ నాకూ ఏ సంబంధమూ లేదు. నోరు తెరిచాను. అప్పటికే కిటికీలోంచి మీ మొదటి చరణం వస్తోంది. జనం కొందరు అటు తిరిగి చూస్తున్నారు. ఆ వాక్యం నా నోట్లోంచి రాలేదు అక్కా. ఎంత తోసినా రాలేదు.

"ఆ పాట మా అక్క రాసింది. ఇదే ఆస్పత్రిలో నేలకింద మీ దుప్పట్లు ఉతికిస్తుంది. నేను ఇన్నేళ్ళుగా పాడి మీచేత చప్పట్లు కొట్టించుకున్నవాటిలో సగం ఆవిడవే" అని నీ పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా. తర్వాత నాలుగో చరణం ఎత్తుకున్నాను. మొదటి రెండు లైన్లూ పాడాను. కాలిన చేతికి అనగానే మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందన్నారు. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

మైకు లేకుండా నా గొంతు ఎంత చిన్నదో అప్పుడే తెలిసింది. మూడో వరస కూడా దాటలేదు. అందుకే దిగి, పక్క మెట్ల మీదుగా మీ వాకిట్లోకి వచ్చేశాను. అంతా గబగబా అయిపోయింది, పట్టు చీర బట్టల బండి చక్రంలో ఇరుక్కుని చిరిగింది కూడా. మీరప్పుడు మూడో చరణంలో ఉన్నారు. వెనక వరసలో చేరాను. నా పక్కనున్న లావుపాటావిడ "జరుగమ్మా, తొక్కుతున్నావు" అంది. నేనెవరో ఆవిడకి తెలియదు. నాకు ఎంత హాయిగా అనిపించిందో నీకు రాయలేను.

సభ పోయింది. సెక్రటరీ ఫోన్ చేసి చాలా మర్యాదగా చెప్పాడు. మీ మరిది నాతో మాట్లాడటం లేదు, ఉప్పు అందించమని కూడా గోడకి చెబుతున్నారు. నాలుగు రోజుల్లో దిగొస్తారులే, ఆయనకీ నేను తప్ప ఎవరున్నారు.

ఇప్పుడు నాకు ఒకటే కావాలి. నాకొక పాట రాసిపెట్టు అక్కా. నాకోసమే. నేను ఆగే చోట్ల ఆ గుర్తులు మళ్ళీ పెట్టి రాయి. సభలు లేకపోతే ఎక్కడో ఒకచోట పాడుకుంటాను. అవి లేకుండా నేను పాడలేను.

ఆ రోజు ఏమన్నావు?

నీ పిట్ట


మార్చి 25

పిట్టా,

ముందు ఇక్కడి కబుర్లు. పని వేళల్లో పాడరాదని నోటీసు అంటించారు. మావాళ్ళు దాని కిందే నిలబడి భోజనం వేళ పాడుతున్నారు. సోమవారం పొద్దున వచ్చి చూస్తే రోలరుకి అడ్డు కమ్మి బిగించి ఉంది, ఎవరు బిగించారో, ఎప్పుడు బిగించారో చెప్పిన నాథుడు లేడు. రిపోర్టులో మాట మాత్రం అలాగే ఉంది. కమ్మితో ఊరుకుంటామనుకున్నారు పాపం. ఆ మాట కొట్టేసేదాకా నాలుగో చరణం ఆగదని వదిన స్వయంగా మేనేజరు గదికి వెళ్ళి చెప్పొచ్చింది. నేను రాసివ్వలేదు, నేర్పలేదు. తనే వెళ్ళింది. వెళ్ళి కుర్చీలో కూర్చుని మరీ చెప్పిందట, చూపించకపోయినా.

నీ ఉత్తరం ఎక్స్‌రే ఆవిడచేత వాళ్ళందరికీ చదివించాను. తిట్టకు, నా ఉత్తరం నా ఇష్టం. లావుపాటావిడ, పేరున్న మనిషివని తెలిసి కూడా, "అయినా తొక్కింది మాట నిజం" అంది.

నువ్వు అడిగినదానికి జవాబు. రాయను. ఆ గుర్తులు పెట్టి నీకోసం ఒక్కదానికే పాట ఇక రాయను. ఆగు, అప్పుడే ఏడవకు, మొత్తం చదువు.

నాలుగో చరణం ఆఖరి లైనులో నీకు ఊపిరి అయిపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. నీ నోరు మూతపడింది, భుజాలు పైకి లేచాయి, చిన్నప్పుడు బెంచీ మీద లేచినట్టే. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది, అందరినీ ఆపేద్దామని. కానీ ఎవరూ నన్ను చూడలేదు, ఎవరూ ఆగలేదు. లావుపాటావిడ ఆ స్వరాన్ని లాగుతూనే ఉంది. నువ్వు గాలి పీల్చుకుని మళ్ళీ అందులోనే కలిశావు. ఎక్కడ వదిలావో, ఎక్కడ కలిశావో హాల్లో ఒక్కరికీ తెలిసి ఉండదు. నాకే తెలియలేదు, నిన్ను కళ్ళతో చూస్తున్నాను కాబట్టి తెలిసింది. ఇన్నేళ్ళూ నీకు ఆయాసం వస్తే పాటనే ఆపాను. ఇంకో దారి ఉందని నాకు తట్టలేదు.

కొత్త పాట మొదలుపెట్టాను, అందరి కోసం. ముందు మూడో ఆడగొంతు పాడుతుంది, దాన్ని విని అందరూ నేర్చుకుంటారు, నువ్వూ అలాగే నేర్చుకుంటావు. పేరున్న మనిషివని ముందు వరస ఇవ్వరు. ప్రాక్టీసు ఆదివారం, మడిచే బల్ల దగ్గర. మరిదిని కూడా తీసుకురా, గోడతో మాట్లాడే బదులు దుప్పట్లు మోస్తాడు.

ఆ రోజు ఏమన్నానని అడిగావు. నువ్వు కారెక్కుతుంటే లావుపాటావిడ నన్నడిగింది, ఎవరా కొత్తావిడ అని. మా చెల్లెలు అన్నాను. గాలే వచ్చింది. అయినా ఆవిడకి అర్థమైంది, పక్కావిడకి గట్టిగా చెప్పింది, పక్కావిడ వెనకావిడకి చెప్పింది.

ఆదివారం రా. ఊపిరి చాలకపోతే ఆగి పీల్చుకో, మళ్ళీ కలువు. పాట ఆగదు.

నీ అక్క